ముత్యప్పొరలో దేముడమ్మ

వేసవి మొదట్లో చుట్టిపెట్టిన వంజరం చేపను వానలు తగ్గుముఖం పట్టాక విప్పారు. అన్నాళ్ళూ అది ఫ్రిజ్‌లో లేదు, ఐసులో లేదు. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఆ చిన్న పరిశోధనాలయంలో, కిటికీ పక్క బల్లమీద, ఉక్కపోతలో పడి ఉంది. డాక్టర్ వకుళ కత్తెరతో పొరను కోసి, రెండు వేళ్ళతో చేప మొప్పను ఎత్తి చూసింది. లోపల ఎర్రగా, తడిగా ఉంది. కన్ను అద్దంలా మెరుస్తోంది. అప్పుడే వలలోంచి తీసినట్టుంది.

మైక్రోస్కోపు పని చూసే ఆమె సహచరుడు ఇస్మాయిల్ బల్ల దగ్గరకొచ్చి చేప మీద వంగాడు.

"వాసన చూడండి మేడమ్," అన్నాడు.

ఆమె వంగి చూసింది. ఉప్పునీటి వాసన. దాని వెనక సన్నగా లవంగం.

సరిగ్గా అప్పుడే బండెమ్మ గుమ్మంలో చేపల తట్ట దించింది. ప్రయోగాలకు కావలసిన చేపలన్నీ ఆమె దగ్గరే కొంటారు. కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి తొంగి చూసి, "ఇయాల నానింకా సేపియ్యనేదు గదా. ఇదెవుల దగ్గర కొన్నారు?" అని అడిగింది.

"నీ దగ్గరే కొన్నాం బండెమ్మా. ఎండాకాలంలో ఇచ్చావే, తోకమీద గాటున్న వంజరం. అదే ఇది."

బండెమ్మ నమ్మలేదు. దగ్గరకొచ్చి తోక తిప్పి చూసింది. గాటు కనిపించగానే నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఓలమ్మో! నా జనమలో ఇలాటిది సూడనేదు. ఏటి మందేసినారు బాబూ?"

ఇస్మాయిల్‌కు ఆ ప్రశ్న నచ్చింది. గాజు సీసాలో నీళ్ళు, కాస్త నూనె పోసి గట్టిగా ఊపాడు. ఆమె చూస్తుండగానే నూనె విడిపోయి పైకి తేలింది. అందులో చిటికెడు బూడిదరంగు పొడి వేసి మళ్ళీ ఊపాడు. ఈసారి సీసా పాలలా తెల్లబడి, అలాగే ఉండిపోయింది.

"ఇది ఊక కాల్చిన బూడిదలోంచి తీసిన పొడి. ఈ రేణువులు ప్రతి నూనె చుక్క చుట్టూ చేరి కాపలా నిలబడతాయి. ఒక చుక్కని ఇంకో చుక్కలో కలవనివ్వవు. ఇదిగో, ఇందులోంచి చూడు."

బండెమ్మ ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి చూసింది. "నువ్వులద్దిన ఉండల్లాగున్నాయి!"

"ఆ ఉండల్లో లవంగ నూనె ఉంటుంది. వీటిని రొయ్య పెంకుల జిగురులో కలిపి పల్చగా ఆరబెడితే ఈ పొర వస్తుంది. దేన్ని చుట్టినా కుళ్ళనివ్వదు."

ఆ పొర వంపు తిరిగిన చోటల్లా ముత్యంలా మెరిసేది. అందుకే ల్యాబులో దాన్ని ముత్యప్పొర అనేవాళ్ళు.

బండెమ్మ చేపవైపు ఆశగా చూసింది. "నా కూతురు దేముడమ్మకి నెలలు నిండినాయి. అల్లుడు సంద్రమ్మీద ఏటకెళ్ళి రానేదు. దానికి మంచి సేప తినాలనుంది. ఇది అట్టుకెళ్ళొచ్చా?"

"ఇది వద్దు. ఇంకా పరీక్షలు కావాలి," అంటూ వకుళ నవ్వి, ఆమె తట్టలోని చేపనే కొని కూతురికని ఇచ్చి పంపింది.

నిజానికి ఆ పొరలో ఇస్మాయిల్ చెప్పని సంగతి ఒకటుంది. ఊక రేణువులతో చేసిన పొర కొన్నాళ్ళు పనిచేసి, చుక్కల్లో నూనె అయిపోగానే ఆగిపోయేది. వలల్లో చిక్కి ఒడ్డుకొచ్చే ఒక రకం సముద్రపు స్పంజిని ఎండబెట్టి, దాని పొడిని కూడా వకుళ ఒకసారి కలిపి చూసింది. ఆ పొరను మైక్రోస్కోపు కింద పెట్టిన మధ్యాహ్నం ఇద్దరూ భోజనం మాటే మరచిపోయారు. కుళ్ళు నుంచి వచ్చే వాయువు తగలగానే చుక్క చుట్టూ ఉన్న రేణువులు పెద్దమనిషికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగాయి. నూనె బయటికొచ్చింది. తరువాత ఆ రేణువులే వాయువును లోపలికి లాక్కున్నాయి. చుక్క మళ్ళీ నిండింది. రేణువులు మళ్ళీ దగ్గరకు చేరాయి. ఏది ఆపడానికి ఆ పొర పుట్టిందో అదే దానికి తిండి. ఇక అది ఆగిపోవలసిన పనే లేదు.

"ఇది ఊపిరి తీసుకుంటోంది మేడమ్," అన్నాడు ఇస్మాయిల్.

"ఊపిరీ కాదు, ప్రాణమూ కాదు. రేణువులు కదులుతున్నాయి, అంతే," అంది వకుళ. కాని అనేటప్పటికే తాను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నట్టు ఆమెకు తెలియలేదు.

*

బండెమ్మ అల్లుడు తాతారావు ఎక్కిన బోటు ఇంజను సముద్రం మధ్యలో చెడిపోయింది. గాలికి కొట్టుకుపోయి పరాయి దేశపు నీళ్ళలో చేరింది. అక్కడి కోస్టుగార్డులు బోటును పట్టుకుని, అందులో ఉన్నవాళ్ళను జైల్లో పెట్టారని కబురొచ్చింది. ఏ ఊరి జైలో, ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు.

ఆ కబురు వచ్చిన వారంలోనే దేముడమ్మకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. పుట్టాక తల్లికి రక్తం ఆగలేదు. ఆసుపత్రిలో ఎంత ప్రయత్నించినా దక్కలేదు.

మరునాడు ఉదయం బండెమ్మ పరిశోధనాలయానికి వచ్చింది. చేతిలో తట్ట లేదు. జుట్టు విడిపోయి ఉంది. వకుళ ఎదురొచ్చి పట్టుకోబోతే చేతులు అడ్డం పెట్టి ఆపింది. ఓదార్పు కోసం రాలేదామె.

"ఆడికి తెలవదు మేడంగోరూ. పెళ్ళాం కడుపుతో ఉందని తలుసుకుంటా ఆ జైల్లో కూకున్నాడు. రేపొచ్చి నా దేముడమ్మేదత్తా అని అడిగితే ఏటి సూపించీది? మట్టిదిబ్బా?"

"బండెమ్మా…"

"ఆసుపత్రోళ్ళు ఐసుపెట్టిలో నాలుగు రోజులకంటే ఉంచలేవన్నారు. మీరు సేపనుంచినారు. నా కూతుర్ని ఉంచండి."

వకుళ తల అడ్డంగా ఊపింది. "అది చేప బండెమ్మా. మనిషికి ఎప్పుడూ చెయ్యలేదు. ఏమవుతుందో నాకే తెలియదు."

"సేపకన్నా తక్కువైపోనాదా నా కూతురు?"

ఇస్మాయిల్ వకుళను పక్కకు పిలిచాడు. "ఒప్పుకోకండి. చుట్టడం తేలికే. ఎప్పుడు విప్పుతాం? ఎవరు విప్పమంటారు? అతను రాకపోతే?"

ఆ ప్రశ్నలన్నీ సరైనవేనని వకుళకు తెలుసు. అయినా అధికారుల దగ్గరకు తానే వెళ్ళి అనుమతి తెచ్చింది. బండెమ్మ ఉండే జాలర్ల పేటలోని కులపెద్దలతో తానే మాట్లాడింది. వాళ్ళు ఇష్టంగా కాకపోయినా, తాతారావు కోసమని సరేనన్నారు. బండెమ్మ దుఃఖానికి కరిగి ఒప్పుకుందో, తన పొర ఏం చేయగలదో చూడాలన్న ఆశతో ఒప్పుకుందో వకుళను ఎవరూ అడగలేదు.

పేట ఆడవాళ్ళు దేముడమ్మకు స్నానం చేయించి, పసుపు రాసి, చిలకపచ్చ చీర కట్టారు. సముద్రం వైపు కిటికీ ఉన్న వెనకగదిలో పొడవాటి బల్ల వేశారు. వకుళ, ఇస్మాయిల్ తడి పొరను రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఆమె మీద పరిచారు. ఆరుతున్న కొద్దీ అది చీర మడతల్లోకి, వేళ్ళ సందుల్లోకి, కనురెప్పల మీదికి దిగి అతుక్కుంది. సాయంత్రానికి ఆమె శరీరం మీద పొర ఉందని చెబితే తప్ప తెలియలేదు. నుదుటి మీద మాత్రం ఒక మెరుపు, ఆల్చిప్ప లోపలి వైపు ఉండే మెరుపు.

*

నెలలు గడిచాయి. దేముడమ్మ మారలేదు.

వకుళ రోజూ ఉదయం వచ్చి పొరను పరీక్షించేది. ఎక్కడా మచ్చ లేదు. బుగ్గల మీద పసుపు కూడా వెలిసిపోలేదు. పొద్దుటి ఎండ కిటికీలోంచి పడగానే పొరలోని చుక్కలు వరసగా తెరుచుకుని మూసుకునేవి. కాళ్ళ దగ్గర మొదలైన ఒక సన్నటి మెరుపు మోకాళ్ళ మీదుగా, గుండెల మీదుగా నుదుటి దాకా పాకి ఆగేది. లెక్క ప్రకారం అది రేణువులు జరగడమే. ఆ లెక్కలు తెలిసిన వకుళ కూడా రోజూ ఆ సమయానికి చేతిలో పని వదిలేసి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేది. సముద్రం మీద సూర్యోదయం చూసే మనిషిలా నిలబడేది.

బండెమ్మ ఆ మెరుపును ఇంకోలా చూసింది.

"ఊపిరి తీసుకుంటంది," అనేది.

చేపల తట్ట మూలపడింది. పొద్దున్నే వచ్చి కూతురి పక్కన కూర్చుని, చీకటి పడేవేళ బలవంతం మీద ఇంటికెళ్ళేది. పేటలో ఏ ఇంట్లో ఏం జరిగిందో చెప్పేది. ఎవరి బోటుకు ఎన్ని చేపలు పడ్డాయో చెప్పేది. పసిపిల్లకు పాలిచ్చేది, సాకేది పక్కింటి సింహాలమ్మ. ఒకరోజు ఆమె పిల్లను తీసుకొచ్చి బండెమ్మ ఒళ్ళో పెట్టబోతే, బండెమ్మ చేతులు చాచలేదు.

"నాకెందుకే? దాని తల్లి లెగిసినాక ఇయ్యి."

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న వకుళ ఆ మాట విన్నది.

అప్పటికే సంగతి ఊరంతా పాకింది. జనం వరస కట్టి రాసాగారు. కొబ్బరికాయలు, గాజులు, పసుపు కుంకాలు తెచ్చేవారు. కొందరు గేటు దగ్గరే సాష్టాంగపడేవారు. పిల్లలు లేని ఒకామె దేముడమ్మ పాదాలు తాకనివ్వమని ఏడ్చింది. వకుళ చివరికి గేటుకు తాళం వేయించింది. అయినా గేటు ఊచలకు రోజూ కొత్తగా ఎర్ర గుడ్డలు కట్టి కనిపించేవి.

లోపల పిల్ల తల్లి మారలేదు. బయట సింహాలమ్మ ఇంట్లో పిల్ల బోర్లా పడటం నేర్చింది. చేతికందినదల్లా నోట్లో పెట్టుకోసాగింది. కింది చిగురులో రెండు బియ్యపుగింజల్లాంటి పళ్ళొచ్చాయి.

ఒక మధ్యాహ్నం వకుళ బండెమ్మ పక్కన నేలమీద కూర్చుంది. "బండెమ్మా, ఆమె లేవదు. నీకు తెలుసు కదా?"

బండెమ్మ కూతురి మొహం మీంచి చూపు తిప్పకుండానే అంది: "నాకు తెల్దేటి మేడంగోరూ? నాకు తెలుసు. నా కళ్ళకే తెలవట్నేదు."

ఆ రోజు వకుళ ఇస్మాయిల్‌తో చెప్పింది: "మనం ఆమె కూతుర్ని ఆపామనుకున్నాం. ఆమె ఏడుపుని ఆపేశాం."

*

తాతారావును మాఘమాసంలో వదిలారు. రైలు దిగి నేరుగా వచ్చాడు. గడ్డం మాసి, దవడలు లోపలికి పోయి, చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. దారిలోనే అతనికి చెప్పారు. అయినా గదిలో అడుగు పెట్టి, బల్ల మీద పడుకున్న భార్యను చూసి గోడకు చేరగిలబడ్డాడు.

"ఇప్పుడే పడుకున్నట్టుంది గదా," అన్నాడు ఎవరితోనో.

బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడ జైల్లో రోజూ ఆమెతో మాట్లాడుకునేవాడినని, పేరు కూడా అనుకున్నానని, ఆడపిల్లయితే గంగ అని పెడదామని అనుకున్నానని చెప్పాడు. భార్యకే చెప్పాడు.

తరువాత తల ఎత్తాడు. "మేడమ్, ఈ పొర తీసీయండి. దీని మొకమ్మీద సెయ్యెయ్యాల."

వకుళ దగ్గరకొచ్చింది. అబద్ధం చెప్పదలచుకోలేదు. "తియ్యగలం. తీస్తే ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు తాతారావ్. ఇన్ని నెలలు ఆపిన కుళ్ళంతా ఒక్కసారిగా మీద పడొచ్చు. మీకు గంట కూడా దక్కకపోవచ్చు."

"అంతసేపున్నా సాలు."

"ఒద్దు!" బండెమ్మ బల్లకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది. "తీత్తే సచ్చిపోద్ది. నా కూతుర్ని ఎవులూ ముట్టొద్దు!"

తాతారావు ఆమెతో వాదించలేదు. గుమ్మం వైపు తిరిగి, "పాపేది?" అని అడిగాడు.

సింహాలమ్మ పిల్లను అందించింది. అతనికి పట్టుకోవడం చేతకాలేదు. రెండు చేతుల్లో వలలో పడ్డ అరుదైన చేపను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పిల్ల అతని గడ్డం గుప్పిట పట్టి లాగింది. నొప్పికో, మరెందుకో అతని కళ్ళు నిండాయి.

"అత్తా, దీని మొకం ఎవుల్దో సూసినావా?"

బండెమ్మ చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారీ చూడలేదు. అతను పిల్లను ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఆమె తల తిప్పుకోబోయింది. ఈలోగా పిల్ల నోరు తెరిచి, ఆ రెండు పళ్ళూ కనిపించేలా నవ్వింది. నవ్వుతూ ఎడమ కన్ను కాస్త ఎక్కువ మూసింది.

"ఇలాగే నవ్వీది," అంది బండెమ్మ. "సంటిదిగా ఉన్నప్పుడు ఇలాగే… ఒక కన్ను మూసీది." ఆమె చాచిన చేతులు మెల్లగా దిగిపోయాయి. మనవరాలి పాదం ఒకటి పట్టుకుని, ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది. అలా ఎంతసేపు నిలబడిందో.

"తీసీయండి మేడంగోరూ," అంది చివరికి.

రొయ్య పెంకుల జిగురు పులుపు తగిలితే కరుగుతుంది. వకుళ ఆసిడ్ సీసా తీయబోతే బండెమ్మ ఆపింది. "అదొద్దు. నా సేత్తో దానికి నీల్లోసుకుంటాను." ఏ పులుపైనా ఫరవాలేదంది వకుళ. పేట ఆడవాళ్ళు గాబు నిండా నీళ్ళలో చింతపండు పిసికారు. మగవాళ్ళు బయటికెళ్ళారు. తాతారావు ఒక్కడే ఉన్నాడు.

బండెమ్మ మొదటి చెంబు కూతురి పాదాల మీద పోసింది.

పొర కరగడం మొదలైంది. ఇన్నాళ్ళూ కాపలా కాసిన రేణువులు ఒకదాని చెయ్యి ఒకటి వదిలేశాయి. కోట్లాది చుక్కలు ఒక్కసారిగా విచ్చుకుని పాలలా తెల్లగా జారాయి. బల్ల అంచుల నుంచి నేలమీదికి, నేలమీంచి తూము వైపు ఆ పాలు పారాయి. కిటికీలోంచి పడిన ఎండలో అందులో నీలం, గులాబి, ఆకుపచ్చ రంగులు మెలికలు తిరిగాయి. గదంతా లవంగం వాసన నిండింది. దానితో పాటు ఇంకో వాసన వచ్చింది. అన్ని నెలలు మృత్యువును తిని ఆ పొర తయారు చేసుకున్న నూనె వాసన అది. అంతకుముందు లోకంలో ఎవరూ పీల్చి ఉండరు. వకుళకు దానికి పేరు దొరకలేదు. చెడ్డ వాసన కాదు. ఆడవాళ్ళంతా మాట్లాడటం ఆపి చేతులు జోడించారు.

చివరి చెంబు నుదుటి మీద పోశారు. వకుళ ముందుకు వంగి చూసింది.

ఏమీ మీద పడలేదు. ఆపిన నెలలేవీ తిరిగి రాలేదు. దేముడమ్మ ఇప్పుడే కన్నుమూసిన మనిషిలా ఉంది, అంతే. తాతారావు అరచెయ్యి ఆమె బుగ్గకు ఆన్చాడు. చల్లగా, మెత్తగా ఉండి ఉంటుంది. ఆమె చెవి దగ్గర ఏదో చెప్పాడు. పిల్లను తెచ్చి తల్లి గుండెలమీద ఒక క్షణం పడుకోబెట్టి తీశాడు.

మధ్యాహ్నం వాలుతున్నకొద్దీ మార్పు మొదలైంది. పెదవుల రంగు వెనక్కి తగ్గింది. గోళ్ళ చివర్లు నీలపడ్డాయి. రెప్పల కింద నీడ చేరింది. ఇస్మాయిల్ గుమ్మం అవతలి నుంచి చూస్తున్నాడు. వకుళ బల్ల పక్కనే ఉంది. పదేళ్ళుగా ఇదే మార్పును ఆమె శత్రువుగా చూసింది. ఇన్ని గంటలకు ఇంత అని కొలిచింది, తగ్గించింది, ఓడించింది. అది ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా నడుస్తుందని ఎన్నడూ గమనించలేదు. పడవ ఒడ్డు వదిలేటప్పుడు మొదట ఇసుక మీంచి జరుగుతుంది, తరువాత నీళ్ళలో తేలుతుంది, తరువాత దూరమవుతుంది. ఇదీ అలాగే ఉంది.

బండెమ్మ కూతురి చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుంది. "ఎల్తంది," అంది గుసగుసగా. "సూడండి మేడంగోరూ, నా బిడ్డ ఎల్తంది." అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని బయట ఉన్న మగవాళ్ళు తలగుడ్డలు తీశారు.

పొద్దు వాలకముందే పడవల అవతలి ఇసుకదిబ్బల్లో దేముడమ్మను మట్టిలో పెట్టారు.

*

ఆ తరువాత వకుళ స్పంజి పొడిని పొరలోంచి తీసేసింది. ఊక రేణువులే మిగిలాయి. చుక్కల్లో నూనె అయిపోగానే పొర తానే ఎండి, పెళుసెక్కి, మట్టిలో కలిసిపోయేలా చేశారు. స్పంజి పొడి కావాలని దేశదేశాల నుంచి ఫోన్లు వచ్చాయి. ఆమె ఇవ్వలేదు. ఇస్మాయిల్‌కు మొదట బాధగానే ఉండేది. లోకంలో మరెవరూ చూడనిది చూశాం కదా మేడమ్, అనేవాడు. చూశాం, అనేది వకుళ.

"కొత్త పొర ఎన్నాళ్ళు నిలవాలి?" అని అడిగాడు ఒకరోజు.

"చేప ఇక్కణ్ణుంచి హైదరాబాదు చేరి, ఎవరింట్లోనో పొయ్యి ఎక్కేదాకా."

ఒక ఉదయం గేటు చప్పుడైంది. బండెమ్మ వచ్చింది. నెత్తిన తట్ట, చంకలో గంగ. పిల్ల అమ్మమ్మ కొంగు నములుతోంది. గుమ్మంలో తట్ట దించి, తడి గోనె తీసి రెండు చందువ చేపలు ఎంచి వకుళ చేతిలో పెట్టింది. వకుళ వాటిని ప్రయోగాల బల్ల వైపు తీసుకెళ్ళబోయింది.

"అటుకాదు మేడంగోరూ. ఈటిని సుట్టకండి," అంది బండెమ్మ. "ఇంటికట్టుకెళ్ళి ఈ పూటే వండీసుకోండి. రేపటికుండవు."

వకుళ ఆ పూట సెలవు పెట్టి ఇంటికి వెళ్ళి పులుసు పెట్టింది.